హ్యాండిచ్చాడంటే సాయం చేశాడా, ముంచాడా? ఇంగ్లీషు ఇడియమ్స్: అపోహలు - వాస్తవాలు

13 ఏళ్లుగా హైదరాబాద్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తున్నాను. నా దగ్గరికొచ్చేది ఎక్కువగా చదువుకి విదేశాలు వెళ్లే పిల్లలు, ఆఫీసులో అమెరికా వాళ్లతోనో ఇంగ్లండ్ వాళ్లతోనో కాల్స్ మాట్లాడక తప్పని ఉద్యోగులు. ఆ మధ్య ఒక కుర్రాడు తన క్లయింటుకి మెయిల్ పెట్టాడు, 'ద వెండర్ గేవ్ అస్ హ్యాండ్ ఎస్టర్‌డే' అని. పంపిస్తామన్న సరుకు పంపకుండా హ్యాండిచ్చారని వాడి గోల. అట్నుంచి జవాబు ఏమొచ్చిందంటే, చాలా సంతోషం, వాళ్లకి నా తరఫున కూడా థ్యాంక్స్ చెప్పండి అని. వాడు ఫోన్ పట్టుకుని క్లాసుకొచ్చి, 'మేడమ్, ఈయన నన్ను వెటకారం చేస్తున్నాడా?' అన్నాడు.

వెటకారం కాదు నాయనా. ఇంగ్లీషులో హ్యాండివ్వడమంటే సాయం చెయ్యడం. నమ్మించి ముంచడం మన తెలుగులోనే. అదే 'గివ్ హిమ్ ఎ బిగ్ హ్యాండ్' అంటే మళ్లీ ఇంకోటి, ఆయనకి గట్టిగా చప్పట్లు కొట్టమని. నువ్వు రాయాల్సింది 'దే లెట్ అస్ డౌన్' అని చెప్పి పంపించాను. కానీ ఆ రోజు నుంచి క్లాసులో మళ్లీ మళ్లీ ఎదురయ్యే అపోహలు రాసి పెట్టుకుంటున్నాను. వాటిలో కొన్ని ఇవి.

అపోహ: ఎన్ని ఇడియమ్స్ వాడితే అంత మంచి ఇంగ్లీషు

ఇది కోచింగ్ పుస్తకాలు అంటించిన జబ్బు. 500 ఇడియమ్స్ బట్టీ పట్టి వస్తారు, వచ్చిన రోజే బయట చినుకు పడితే 'ఇటీజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటారు. చినుక్కి అది నప్పదు, కుండపోతకే నప్పుతుంది. కుండపోత పడినా ఇవాళ ఇంగ్లండ్ వాళ్లు మామూలుగా అనేది 'ఇట్స్ పోరింగ్' అనే. విదేశీ చదువులకి రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఉంది కదా, దాని స్పీకింగ్‌లో 7వ బ్యాండ్‌కి, అంటే ఆ స్థాయి స్కోరుకి, ఇడియోమాటిక్ మాటలు కావాలని రాసుంటుంది కదా అని వాదిస్తారు పిల్లలు. రాసుంది నిజమే, కానీ ఆ పక్కనే ఏ మాట పక్కన ఏ మాట నప్పుతుందో, ఎక్కడ ఏ శైలి వాడాలో కొంత ఎరుక ఉండాలని కూడా రాసుంది, అది ఎవరూ చదవరు. 'ఐ కుడంట్ మేకిట్', 'ఇట్ స్లిప్ట్ మై మైండ్', 'ఐ యామ్ నాట్ అప్ ఫర్ ఇట్' లాంటివి కూడా ఇడియోమాటిక్కే. కుక్కలూ పిల్లులూ ఉంటేనే ఇడియమ్ అని ఎవరు చెప్పారు?

అపోహ: ప్రతి ఇడియమ్ వెనక ఒక కథ ఉంటుంది, వాట్సాప్‌లో వచ్చింది కూడా

పూర్వం ఇంగ్లండ్‌లో గడ్డి కప్పు ఇళ్లు ఉండేవట, ఆ కప్పులో కుక్కలూ పిల్లులూ పడుకునేవట, వానకి జారి కింద పడేవట, అలా పుట్టిందట ఆ మాట. పూరిల్లు చూసిన మనకైనా అనుమానం రావొద్దా? నిటారుగా వాలుండే కప్పు మీదకి కుక్క ఎందుకెక్కుతుంది, అదీ వానలో తడవడానికి! ఈ కథ 1999లో ఈమెయిళ్లలో తిరిగిన, 1500ల నాటి జీవితం గురించిన ఒక సరదా ఫార్వర్డ్ వల్ల ఊరంతా పాకింది. మాట మాత్రం పాతదే, జోనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చయిన పుస్తకంలో వాడాడు, దగ్గరి రూపాలు అంతకుముందు శతాబ్దంలోనే ఉన్నాయి. కుక్కలూ పిల్లులే ఎందుకు అన్నదానికి మాత్రం ఖాయమైన సమాధానం లేదు. లేకపోతే నష్టం ఏమిటి, మనం 'టపా కట్టేశాడు' అంటాం, కట్టిన టపా ఏమిటని ఎవరైనా ఆగి అడుగుతారా?

'సేవ్డ్ బై ద బెల్' కూడా ఆ బాపతే. బతికుండగా పూడ్చేస్తారేమోనని శవపేటికకి గంట కట్టేవారని చెప్తారు. అది బాక్సింగ్ మాట. దెబ్బలు తిని పడబోతున్నవాణ్ణి రౌండ్ ముగిసే గంట కాపాడుతుంది, అంతే.

ఇక 'కిక్ ద బకెట్'. మనం 'బాల్చీ తన్నేశాడు' అని తెలుగులోకే తెచ్చుకున్నాం, పైగా మనదే అన్నంత ధీమాగా వాడతాం. బకెట్ మీద నిలబడి ఉరేసుకుని దాన్ని తన్నేస్తారు కాబట్టి అలా వచ్చిందని క్లాసులో ఎవడో ఒకడు చెప్తాడు. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో వేసిన బజారు మాటల నిఘంటువులోనే ఈ మాట ఉంది. మూలం గురించి ఎక్కువమంది మొగ్గేది ఇంకో వివరణ వైపు: కొన్ని ఇంగ్లీషు మాండలికాల్లో బకెట్ అంటే దూలం, కోసే పందిని వెనక కాళ్లతో దానికి వేలాడదీస్తే అది గిలగిలా తన్నుకునేది. అంటే మన బాల్చీకి అసలు బాల్చీతో సంబంధమే లేకపోవచ్చు. అర్థం ఎలాగూ చచ్చిపోవడమే, కానీ ఈ మాట ఎవరి మీద వాడుతున్నారో చూసుకోండి. మేనేజర్ వాళ్ల నాన్న పోయారని తెలిసి సంతాపం రాస్తూ కిక్ ద బకెట్ వాడబోయిన అమ్మాయిని నేనే ఆపాను. అక్కడ 'పాస్డ్ అవే' ఒక్కటే.

అపోహ: మనకి తెలిసిన సామెత సగమే, అసలు పూర్తి సామెతకి అర్థం తలకిందులు

రీల్స్‌లో ఇప్పుడు ఇదే ఫ్యాషన్. 'బ్లడ్ ఈజ్ థిక్కర్ దేన్ వాటర్' అంటే చుట్టరికమే గట్టిది అని కాదట, ఒడంబడిక చేసుకున్న రక్తం తల్లి గర్భంలోని నీటికన్నా చిక్కన అనేది అసలు మాటట, అంటే చుట్టాలకన్నా స్నేహితులే ఎక్కువట. దీనికి పాత ఆధారం ఒక్కటీ లేదు, ఈమధ్య వేసిన అతుకు. 'క్యూరియాసిటీ కిల్డ్ ద క్యాట్' చివర తృప్తి దాన్ని బతికించింది అని తగిలించేది కూడా 20వ శతాబ్దంలో చేరిందే. నిజానికి ఈ సామెతలో పాత రూపం ఇంకా బాగుంటుంది: పిల్లిని చంపింది కుతూహలం కాదు, 'కేర్', అంటే ఆ కాలంలో దిగులు. 1598 నాటి బెన్ జాన్సన్ నాటకంలో ఉంది. దిగులుతో చచ్చిన పిల్లి కాలక్రమంలో కుతూహలంతో చచ్చిన పిల్లి అయింది.

అపోహ: 'ఐ డోంట్ గివ్ ఎ డ్యామ్'లో డ్యామ్ మన దామ్

అక్బర్ కాలంలో దామ్ అనే రాగి నాణెం ఉండేది, 40 దాములకి ఒక రూపాయి. నాకు లెక్కే లేదు అనే ఈ మాట దాన్నుంచే వచ్చిందని చెప్తే క్లాసంతా ఛాతీ పొంగిపోతుంది. ఇండియాలో ఇంగ్లీషు వాళ్లు వాడిన మాటల మీద 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ ఊహ చేసింది నిజమే, కానీ దీనికి ఆధారం లేదని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కొట్టిపారేసింది. అది శాపనార్థపు డ్యామే.

దీనికి బాధపడక్కర్లేదు, నిజంగా ఇక్కణ్ణుంచి వెళ్లినవి బోలెడున్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 'డూలాలీ'. బ్రిటన్‌లో పెద్దవాళ్లు ఇప్పటికీ పిచ్చెక్కింది అనడానికి 'గాన్ డూలాలీ' అంటారు. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవ్‌లాలీ అని ఊరుంది, అక్కడ బ్రిటిష్ సైనిక శిబిరం ఉండేది, సర్వీసు అయిపోయిన సిపాయిలు ఇంటికెళ్లే ఓడ కోసం నెలల తరబడి ఎండలో, ఏ పనీ లేక, జ్వరాలతో కూర్చుని మతి పోగొట్టుకునేవారట. 'డూలాలీ ట్యాప్' అనేది పూర్తి మాట, తప్ అంటే జ్వరం, మన తాపమే. సుఖమైన ఉద్యోగాన్ని 'కుషీ' అంటారే, అది ఖుషీ. పెద్ద మనిషిని 'బిగ్ చీజ్' అనడంలో చీజు కూడా పాల చీజు కాదు, మన హైదరాబాదులో 'క్యా చీజ్ హై' అంటామే ఆ చీజ్ అని నిఘంటువులు రాసేవాళ్లలో చాలామంది అంటారు. అచ్చ తెలుగుదే కావాలా, బ్యాండికూట్ ఉంది. మన పందికొక్కే.

అపోహ: తెలుగులో ఉన్న మాట ఇంగ్లీషులోనూ ఉంటే అర్థం ఒకటే

నా ఉద్యోగం నిలబడింది దీని మీదే. హ్యాండు సంగతి చూశాం. ఇంకోటి కాళ్లు లాగడం. ఎదిగేవాణ్ణి కాళ్లు పట్టి కిందకి లాగుతారు అని మనం అంటాం. 'మై కొలీగ్స్ ఆర్ పుల్లింగ్ మై లెగ్' అని హెచ్‌ఆర్‌కి ఫిర్యాదు పెడితే, తోటివాళ్లు సరదాగా ఆట పట్టిస్తున్నారని ఫిర్యాదేమిటి అనుకుంటారు. 'సార్ ఫీలయ్యారు' మనకి పూర్తి వాక్యం, 'సర్ ఫెల్ట్' ఇంగ్లీషులో సగంలో ఆగిపోయిన వాక్యం, ఏం ఫీలయ్యారో చెప్పాలి. లైట్ తీసుకో అన్నది 'టేక్ లైట్' కాదు, 'డోంట్ వర్రీ అబౌటిట్'. 'ఐ హ్యావ్ ఎ డౌట్' అని మీటింగ్‌లో చెయ్యెత్తితే మనకి అది ప్రశ్న, అమెరికా వాడికి మాత్రం మీరు తనని నమ్మట్లేదేమో అనిపిస్తుంది. 'పాస్డ్ అవుట్ ఇన్ 2019' అంటే స్పృహ తప్పి పడిపోయారా అని అడిగినవాళ్లున్నారు. బ్రిటన్ సైన్యంలో మాత్రం ఆ మాట మన అర్థంలోనే ఉంది, మన పోలీస్ అకాడమీ పాసింగ్ అవుట్ పరేడ్‌లో వినేది అదే.

అందుకని మన ఇంగ్లీషంతా తప్పు అనే రెండో అపోహలో పడకండి. 'డూ ద నీడ్‌ఫుల్' ఒకప్పుడు బ్రిటిష్ ఉత్తరాల్లో మామూలే, వాళ్లు వదిలేశారు, మనం దాచుకున్నాం. 'ప్రీపోన్' ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకెక్కింది. హాయిగా మన ఆఫీసుల్లో వాడుకోండి, వేరే దేశం వాళ్లు వింటున్నప్పుడు మార్చండి. వాళ్లలో వాళ్లకే కుదరదు కదా. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక కాగితాన్ని 'టేబుల్' చేద్దామా వద్దా అని బ్రిటిష్, అమెరికన్ అధికారులు చాలాసేపు గట్టిగా వాదించుకున్నారని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాసుకున్నాడు. బ్రిటిష్ వాళ్లకి టేబుల్ చెయ్యడం అంటే వెంటనే చర్చకి పెట్టడం, అమెరికన్లకి పక్కన పెట్టెయ్యడం. ఇద్దరి కోరికా ఒకటే, గొడవంతా మాట మీద!

అపోహ: అడిగారంటే తెలుసుకోవాలనే, పిలిచారంటే రమ్మనే

'హౌ ఆర్ యూ' అన్న పాపానికి మోకాళ్ల నొప్పి దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పిన పెద్దాయన ఒకరు నా క్లాసులో ఉండేవారు. ఇంగ్లండ్‌లో 'యూ ఆల్‌రైట్?' అంటారు, నా మొహం అంత వాడిపోయి ఉందా అని కంగారు పడతారు మనవాళ్లు, అది ఉత్త పలకరింపు. బ్రిటిష్ బాస్ మీ ప్రతిపాదన విని 'వెరీ ఇంటరెస్టింగ్' అంటే స్వీట్లు పంచకండి, చాలాసార్లు అది మర్యాదగా కాదనడం. మనకీ ఇవి కొత్త కాదు. గడప దాటేటప్పుడు 'వెళ్లొస్తానండీ' అంటాం, మళ్లీ వస్తామనా? 'పోతాను' అనడానికి నోరు రాదు, అంతే.

ఇదంతా ఫోన్లో ఒకమ్మాయికి చెప్పాను. ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో చదువుతోంది. పక్కింటావిడ 'యూ మస్ట్ కమ్ రౌండ్ ఫర్ డిన్నర్ సమ్‌టైమ్' అందని, ఎప్పుడు పిలుస్తుందా అని మూడు వారాలు ఎదురు చూసింది పాపం. తేదీ చెప్పనిదాన్ని పిలుపనుకోకు, మీ అమ్మ కూడా ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ భోంచేసి వెళ్లండి అంటుందిగా, అదీ ఇలాంటిదే అన్నాను.

'మా అమ్మ నిజంగానే వండి పెడుతుంది మేడమ్' అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు.