తెల్లగా కనబడేదంతా పంది కాదు: వేట సాధనాలు, చట్టం గురించి అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పదిమంది కూర్చున్న చోట నేను వేటగాడినని తెలిస్తే రెండే ప్రశ్నలు వస్తాయి. ఇంకా వేట ఉందా అని ఒకరు, ఏ తుపాకి వాడతారని మరొకరు. మొదటి ప్రశ్న అడిగినవారు నన్ను నేరస్థుడిలా చూస్తారు. రెండోది అడిగినవారు కథానాయకుడిలా చూస్తారు. నేను ఆ రెండూ కాను. పంట మీద పడుతున్న అడవి పందులను కాల్చమని అటవీ శాఖ రాతపూర్వకంగా అనుమతి ఇస్తే, చెప్పిన ఊరికి చెప్పిన రోజుల్లో వెళ్లి ఆ పని చేసి వచ్చే లైసెన్సుదారుల్లో ఒకడిని. ఇన్నేళ్లలో నేను విన్న అపోహల్లో కొన్ని మనుషుల ప్రాణాలు తీసేవి కూడా ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తుపాకి లైసెన్సు ఉంటే వేటాడవచ్చు.

వాస్తవం: లైసెన్సు వచ్చేది 1959 నాటి ఆయుధాల చట్టం కింద. కమిషనరేట్లలో పోలీసు కమిషనరు, మిగతా చోట్ల కలెక్టరు ఇస్తారు. ఆ కాగితం తుపాకి దగ్గర ఉంచుకోవడానికి మాత్రమే. జంతువును కాల్చడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చూసుకునే సంగతి. ఆ చట్టంలో 9వ సెక్షను వేటను నిషేధిస్తుంది. 11వ సెక్షను కొన్ని సందర్భాల్లో మాత్రమే తలుపు తెరుస్తుంది. జంతువు మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారినా, కోలుకోలేనంత జబ్బు పడినా, కొన్ని జాతుల విషయంలో పంటను పాడుచేస్తున్నా, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు చూపిస్తూ ఉత్తర్వు రాయాలి. ఆ ఉత్తర్వు లేనిదే నా పన్నెండు బోరు తుపాకి బీరువాలో ఉన్న ఇనుప గొట్టంతో సమానం.

మా నాన్నగారి కాలంలో పరిస్థితి వేరు. అప్పట్లో వేటకు విడిగా అనుమతి పత్రాలు ఇచ్చేవారు, ఏ జంతువును ఎప్పుడు కొట్టవచ్చో అందులో రాసి ఉండేది. వన్యప్రాణి చట్టానికి 1991లో చేసిన సవరణతో అది దాదాపు పూర్తిగా ముగిసింది. "మా తాతలు వేటాడారు, మాకు హక్కు ఉంది" అనేవారికి నేను వనస్థలిపురం వెళ్లి చూడమంటాను. నిజాముల వేట మైదానమే ఈనాటి మహావీర్ హరిణ వనస్థలి. 1975లో, మహావీరుని నిర్వాణానికి 2,500 ఏళ్లు నిండిన సందర్భంగా ఆ పేరు పెట్టారు. విజయవాడ రహదారి హోరు పక్కనే కృష్ణ జింకలు మేస్తుంటాయి. వేట ఆపకపోయి ఉంటే అవి ఇప్పుడు అక్కడ ఉండేవి కావు. వేటగాడిగానే ఈ మాట చెబుతున్నాను.

అపోహ: ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కరలేదు, కాబట్టి పిట్టలను కొట్టవచ్చు.

వాస్తవం: సెలవు రోజున హిమాయత్ సాగర్ వైపో, ఉస్మాన్ సాగర్ వైపో బైకు మీద వెళ్లే కుర్రవాళ్ల నోట ఈ మాట ఎక్కువగా వింటాను. సగం నిజం ఉన్న అపోహ ఇది, అందుకే ప్రమాదకరం. బోరు 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్లకు మించని గాలి తుపాకులకు లైసెన్సు మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే ఆ మినహాయింపు తుపాకికి, పిట్టకు కాదు. కౌజు పిట్ట, పావురం, కుందేలు ఏదైనా సరే, చట్టం దృష్టిలో చంపడమే కాదు, చంపబోవడం కూడా వేటే. ఉచ్చు పన్నడం, ఎర పెట్టడం, తరమడం, పక్షి గూడును చెదరగొట్టడం కూడా అందులోకే వస్తాయి. ఉండేలుతో కొట్టినా అంతే. గురి కుదుర్చుకోవాలన్న కోరిక నిజంగా ఉంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో షూటింగ్ రేంజి ఉంది. కాగితం మీద నడిమధ్యన ఉండే పది రింగు కొట్టడం కొమ్మ మీద పావురాన్ని కొట్టడం కంటే చాలా కష్టం, చాలా గౌరవం కూడా.

అపోహ: థర్మల్ పరికరం ఉంటే చీకటి లేనట్టే, పొరపాటు జరగదు.

వాస్తవం: దీని దగ్గర కాస్త ఆగాలి. ఇప్పుడు మా పనిలోకి కొత్తగా వచ్చేవారు ముందు ఈ పరికరం గురించే అడుగుతున్నారు, తుపాకి గురించి తరవాత.

థర్మల్ పరికరం వెలుతురును చూడదు, వేడిని చూస్తుంది. చల్లటి రాత్రిలో వెచ్చటి ఒళ్లు తెర మీద తెల్లగా మెరుస్తుంది. వెయ్యి మీటర్ల దూరం నుంచి పసిగడుతుందని పెట్టె మీద రాసి ఉంటుంది. అది అబద్ధం కాదు. కానీ పసిగట్టడం వేరు, గుర్తుపట్టడం వేరు. 1958లో జాన్సన్ అనే శాస్త్రవేత్త రాత్రి చూపు పరికరాల కోసం ఒక కొలమానం చెప్పాడు, ఈ రంగంలో ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. అక్కడ ఏదో ఉంది అని తెలియడానికి తెర మీద ఆ ఆకారం అడ్డంగా రెండు చుక్కలంత (పిక్సెళ్లంత) ఉంటే సరిపోతుంది. అది ఫలానా అని గుర్తుపట్టాలంటే పన్నెండు, పదమూడు చుక్కలు కావాలి. అంటే వెయ్యి మీటర్లలో పసిగట్టే పరికరం గుర్తుపట్టించేది నూట యాభై, నూట అరవై మీటర్ల లోపే. అది కూడా అడ్డం ఏమీ లేనప్పుడు. ఎదిగిన మొక్కజొన్న చేనులో అడ్డం లేని చోటు ఎక్కడ ఉంటుంది?

వికారాబాద్ జిల్లాలో ఒక చేను. మంచె మీద నేను, పక్కన అటవీ శాఖ బీట్ ఆఫీసరు. సమయం రాత్రి రెండున్నర. కంకులు పాలు పోసుకునే దశ, పందులకు ప్రాణం. ఊళ్లో మధ్యాహ్నమే చాటింపు వేయించాం, రాత్రి ఎవరూ చేను వైపు రావద్దని. నూట ఇరవై మీటర్ల దూరంలో, గట్టు దగ్గర, తెర మీద తెల్లటి ముద్ద. నేలకు దగ్గరగా, వంగి, ఆగి ఆగి కదులుతోంది. నిడివి పందికి సరిపోతుంది. నడక పందికి సరిపోతుంది. తలను నేలలోకి పొడుస్తున్నట్టే ఉంది. బీట్ ఆఫీసరు నా భుజం తట్టి వేలు చూపించాడు. ఆయన కంటికి కూడా అది పందే.

నాకు ఒక నియమం ఉంది. తెర మీద చూసినదాన్ని టార్చి వెలుగులో మళ్లీ చూడకుండా తుపాకి భుజానికి ఎత్తను. వెలుగు పడితే పంది పారిపోతుంది, ఆ రాత్రి పని చెడుతుంది, రైతు తిడతాడు. అయినా సరే. టార్చి వేశాను. గొంగడి కప్పుకున్న ఒక పెద్దాయన నీళ్ల పైపు అతుకు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. "ఎవరయ్యా అది, కంట్లో కొడుతున్నారు లైటు" అన్నాడు. కౌలుకు చేస్తున్నాడు, మాపటేళ పక్క ఊరి నుంచి వచ్చాడు, చాటింపు ఆయన చెవిన పడలేదు. "పైపు ఊడింది సారూ, నీళ్లన్నీ పక్క చేనులోకి పోతున్నాయి" అని సంజాయిషీ కూడా చెప్పుకున్నాడు, తప్పు తనదైనట్టు.

ఆ పొరపాటుకు కారణం గొంగడి. ఉన్ని ఒంటి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. తెర మీద కనబడింది ఆయన ముఖం, చేతులు, మోకాళ్ల దగ్గర కొంత మేర. మిగతా మనిషి చేనంత చల్లగా, చేనులో కలిసిపోయాడు. మిగిలిన ఆ నాలుగు వెచ్చటి ముక్కలను కలిపి పందిని చేసింది మా కళ్లే. తెల్లవారేవరకు నేను మళ్లీ తుపాకి ముట్టుకోలేదు. ఆ రాత్రి వాడిన తూటాలు సున్నా అని బీట్ ఆఫీసరు రిజిస్టరులో రాసుకున్నాడు.

థర్మల్ పరికరం వద్దని నేను అనను. ఎక్కడ చూడాలో చెప్పడానికి దాన్ని మించింది లేదు. గాయపడి పొదలోకి దూరిన జంతువును వెతికి బాధ తీర్చడానికి కూడా అది ఎంతో అవసరం. ఎప్పుడు కాల్చాలో మాత్రం దాన్ని అడగకూడదు.

అపోహ: పెద్ద రైఫిలు ఉంటే పని తేలిక.

వాస్తవం: దక్కను నేల మీద రైఫిలు తూటా పెద్ద బెడద. మన చేలల్లో అడుగడుగునా గ్రానైటు బండలు ఉంటాయి. బండకు తగిలిన తూటా ఏ దిక్కుకు మళ్లుతుందో ఎవరూ చెప్పలేరు. చిన్నదని అందరూ అనుకునే .22 తూటా కూడా ఒక మైలు దాటి పోగలదు. ఒక మైలు అంటే పక్క ఊరి వాకిలి. పన్నెండు బోరు తుపాకిలో పెద్ద రవ్వల తూటా ముప్పై, నలభై మీటర్లలో పని పూర్తి చేస్తుంది, ఆ తరవాత దాని జోరు త్వరగా పడిపోతుంది. పన్నెండు బోరు అన్న పేరు ఎక్కడిదని చాలామంది అడుగుతారు. ఒక పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే, వాటిలో ఒక గుండు ఆ గొట్టంలో సరిగ్గా పడుతుంది. లెక్క అదే.

మంచె ఎందుకు కడతామో కూడా చెప్పాలి. జంతువుకు మన వాసన అందకుండా ఉండటానికే అనుకుంటారు. అంతకంటే ముఖ్యమైన కారణం, పై నుంచి కిందికి కాలిస్తే తప్పిన తూటా నేలలో దిగుతుంది. నేల మీద నిలబడి కాలిస్తే అది ఊరి వైపు పోతుంది.

సైలెన్సర్ గురించి కూడా తరచూ అడుగుతారు. శబ్దం తగ్గించే పరికరాలను ఆయుధాల నియమాలు నిషిద్ధ వర్గంలో ఉంచాయి, సామాన్యులకు దొరకవు. అలాగే ఉండాలి. చేనులో తుపాకి మోగితే ఊరంతటికీ తెలియాలి.

అపోహ: చంపడం ఎందుకు, మత్తు సూది వేస్తే క్షణంలో పడిపోతుంది కదా.

వాస్తవం: సినిమాల్లోనే అలా పడిపోతుంది. మందు ఎక్కడానికి చాలాసార్లు ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ లోపు బెదిరిన జంతువు అడవిలోకో, బావిలోకో, జనం మధ్యకో పరుగెత్తుతుంది. బరువును బట్టి మోతాదు లెక్కగట్టే పశువైద్యుడు పక్కన ఉండాలి. అయినా పెద్ద జంతువుల విషయంలో చట్టం ముందు ఈ దారినే వెతకమంటుంది, అది న్యాయమే. షెడ్యూల్-1లోని, అంటే చట్టం అత్యధిక రక్షణ ఇచ్చిన జాబితాలోని జంతువును పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, మరో చోటికి తరలించడం సాధ్యం కాదని తేలితేనే చంపడానికి ఉత్తర్వు రాయాలి. 2018 నవంబరులో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని కాల్చినప్పుడు దేశమంతా వాదన జరిగింది. వెళ్లిన వేటగాళ్లు మన హైదరాబాద్ వారే కాబట్టి ఇక్కడ ఆ వాదన మరీ దగ్గరగా వినబడింది. నేను ఆ రోజు అక్కడ లేను, తీర్పు చెప్పను. కానీ అలాంటి పనిలో ప్రతి అడుగూ కాగితం మీద ఉండాలన్నది నా గట్టి నమ్మకం.

అపోహ: చట్టం వేటగాడికి శత్రువు.

వాస్తవం: కాదు. ఇబ్బందులు మాత్రం నిజం, వాటిని దాచను. ఎన్నికలు వస్తే తుపాకులు పోలీసు స్టేషనులో అప్పగించమంటారు. పంట కంకి మీద ఉన్న నెలలోనే ఎన్నికలు పడితే రైతు ఏం చేయాలి? ఒక ఊరి దరఖాస్తు మీద ఉత్తర్వు నా చేతికి వచ్చేసరికి చేను కోత కూడా అయిపోయింది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల బదులు రెండే ఉండాలన్నారు. నాన్నగారి జోడు గొట్టాల తుపాకి అలా నా చేయి దాటింది. డీలరుకు అప్పగించే ముందు రోజు దాన్ని విప్పి, నూనె పట్టించి, బట్టతో తుడిచి, ఆయన వాడిన తోలు సంచిలోనే పెట్టాను. బాధ పడ్డాను. అయినా ఆ నియమం తప్పని అనలేను, ఎందుకంటే నేను నెలనెలా శుభ్రం చేసి, రేంజిలో కాల్చి, నమ్మకంగా వాడగలిగేవి రెండే.

నేను కోరేది వేరు. ఉత్తర్వు పది రోజుల్లో రావాలి. ఈ పనికి పిలిచే వేటగాళ్ల జాబితాలో పేరు ఎక్కించే ముందు రాత్రి పూట జంతువును గుర్తుపట్టే పరీక్ష పెట్టాలి. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఎవరినీ చేనులోకి పంపకూడదు.

మరొకటి, అడవి పందిని హానికర జంతువుగా, అంటే చట్టం రక్షణ లేనిదిగా ప్రకటిస్తే అంతా సర్దుకుంటుందని రైతు సంఘాల్లో వింటాను. వన్యప్రాణి చట్టం 62వ సెక్షను కింద కేంద్రం 2015-16లో బిహార్, ఉత్తరాఖండ్‌లలో కొన్ని ప్రాంతాలకు, గడువు పెట్టి, అలా ప్రకటించింది. కేరళ అడిగితే ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా తుపాకి ఒక్కటే సరిపోదు. పంది చూలు నాలుగు నెలల లోపే, ఈతకు నాలుగైదు పిల్లలు. మా రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు చెప్పిన కుసుమ అంచు పంట, పంది నూనెలో గంధకం కలిపి నానబెట్టిన కొబ్బరి తాళ్లు నేను చూసిన చేలల్లో పని చేశాయి. నన్ను పిలిచే ముందు అవి చేసి చూడమని రైతులకు నేనే చెబుతాను.

అపోహ: అనుమతితో కాల్చిన పంది మాంసం పంచుకోవచ్చు.

వాస్తవం: కూడదు. కళేబరం ప్రభుత్వానిది. పంచనామా రాసి, సిబ్బంది ముందు పాతిపెడతాం.

అపోహ: తుపాకి కంటే కరెంటు తీగ చవక, ప్రమాదం లేదు, ఎవరికీ తెలియదు.

వాస్తవం: తెలంగాణ చేలల్లో మనుషులను చంపుతున్న వేట సాధనం ఇదే. కరెంటు లైను మీద కొక్కెం వేసి, మోకాలి ఎత్తున జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ) లాగి వదిలేస్తారు. తీగకు పంది, పులి, ఆవు, మనిషి అన్న తేడా లేదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో గాలింపునకు వెళ్లిన గ్రేహౌండ్స్ (మావోయిస్టులను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం) కానిస్టేబుల్ ఒకరు ఇలాంటి తీగ తగిలే చనిపోయారు. సౌర కంచెను దీనితో కలపకండి. బ్యాటరీతో నడిచే ఆ కంచె క్షణంలో వందో వంతు కూడా ఉండని విడి విడి తాకిడి ఇస్తుంది, జంతువు బెదిరి వెనక్కి పోతుంది. లైను నుంచి లాగిన తీగలో కరెంటు ఆగకుండా పారుతూనే ఉంటుంది.

పొలం గట్ల మీద చిన్న చిన్న కర్రలు వరసగా పాతి, వాటికి సీసా మెడలు గానీ ప్లాస్టిక్ గొట్టం ముక్కలు గానీ కట్టి సన్నని తీగ లాగి ఉంటే అనుమానించండి. కర్రతో కూడా ముట్టుకోకండి, తడి గడ్డి మీద దగ్గరకు వెళ్లకండి. ముందు విద్యుత్తు శాఖ నంబరు 1912కు ఫోను చేసి ఆ లైను ఆపించండి, తరవాత అటవీ శాఖకు, పోలీసులకు చెప్పండి. లైను ఆపారని విద్యుత్తు సిబ్బంది వచ్చి చెప్పేవరకు పిల్లలను, పశువులను అటు పోనివ్వకండి.