తాతయ్య సగం నవ్వు

ద్రాక్షారామం

చిట్టీ, బాబీ,

సంక్రాంతి ఫొటోలో తాతయ్య సగం మూతితోనే ఎందుకు నవ్వాడని అడిగారుగా. ఫోన్లో చెబుదామంటే మధ్యలో మీ అమ్మ లాక్కుంటుంది, అందుకే రాస్తున్నా.

భోగికి ముందురోజు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వెళ్లొచ్చాను. మర్నాడు పొద్దున్నే పుక్కిలిస్తే నీళ్లు ఎడమ పక్కనుంచి చొక్కా మీదకి కారిపోయాయి. అద్దంలో చూస్తే మూతి కుడివైపుకి లాగేసింది, ఎడమ కన్ను మూతపడటం లేదు.

ఏటిగాలి కొట్టిందన్నారంతా. ఒకాయనైతే పావురం రక్తం రాయమన్నాడు! కాఫీ ఇవ్వకుండా మనిషిని పంపేయడం మామ్మ జన్మలో అదే మొదలు.

నాకేమో పక్షవాతమని టెన్షన్. డాక్టరు చేతులు, మాట చూసి, కనుబొమలు పైకెత్తమన్నారు. ఎడమ నుదుటి మీద ఒక్క ముడతా పడలేదు. "మెదడుది కాదు, నరానిది" అన్నారు.

అదెలాగంటే, నుదురు రెండు కాలువల నీరు అందే చేను లాంటిది. మెదడులో ఒక పక్క దెబ్బతిన్నా రెండో పక్కనుంచి అందుతుంది కాబట్టి, మూతి వంకరపోయినా నుదురు ముడతపడుతుంది. నాకు పూడింది చేలోకి వచ్చే ఆఖరి బోదె. ఇక ఏ కాలువలో ఎంత నీరుంటే ఏం లాభం? ఆ ముఖనరం చెవి దగ్గర ఎముకలో సన్నటి తూములోంచి వస్తుంది. నరం వాస్తుంది గానీ ఎముక సాగదు కదా, అక్కడే నలిగిపోతుంది. దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. ఎందుకు వాస్తుందో కచ్చితంగా తేలలేదు, వైరస్ మీద అనుమానం. గోదారి గాలికి ఉత్తి పుణ్యానికి నింద.

వాపు తగ్గించే స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. పది రోజులు మింగాను. షుగర్ పెరిగి, అరిసెలన్నీ మీ పాలయ్యాయి. కంటిదే అసలు భయం. రెప్ప పడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. పగలు చుక్కలు, రాత్రి మందు పూసి టేపు. ఆ టేపు పీకినప్పుడల్లా మామ్మకి నా కనుబొమ వెంట్రుకలు నాలుగు దక్కేవి.

ఎవరికైనా ఇలా అయితే మీరే నుదురు చూసి తేల్చేయకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. చెయ్యి పడిపోయినా, మాట తడబడినా క్షణం ఆగకుండా 108.

మూడు వారాలకి కన్ను మూతపడింది, మూడో నెలకి మూతి సర్దుకుంది. మొన్న పంటు మీద ఈల వేసి చూశాను. గాలి ఇంకా కాస్త ఎడమ పక్కనుంచి జారిపోతోంది గానీ, సరంగు మాత్రం వెనక్కి తిరిగి చూశాడు.

మీ తాతయ్య