అత్తగారి కేక, బొద్దింక పరుగు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. ఆవిడ, వాళ్లాయన, ఇంజినీరింగ్ చదివే అమ్మాయి, ముగ్గురూ కలిసి కిందటి చలికాలం బెజవాడలో మారథాన్ పరుగెత్తారట. 33వ కిలోమీటరు దగ్గర, ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వైపు దిగే చోట, ఆవిడ కాళ్లు ఇక రామన్నాయి. అక్కడే చతికిలబడదామనుకుంటుండగా, రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉన్న అత్తగారు లేచి నిలబడి, "అమ్మాయ్, ఆగమాకు! వచ్చేశావ్!" అని ఒక్క కేక వేశారట. "ఇరవై రెండేళ్ల కాపురంలో మా అత్తగారు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. కాళ్లు తేలికైపోయాయి. నిజంగా బలం వచ్చిందా, నా భ్రమా? వచ్చేసారి ఆవిణ్ణి ఎక్కడ నిలబెడితే మంచిది?" అని అడిగారు.

రెండో ప్రశ్న నాకు మరీ నచ్చింది. జవాబు కోసం బొద్దింకల దగ్గరికి వెళ్లాలి.

ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినవాణ్ణి. బొద్దింక అంటే మా పిల్లలకు నోటి భాగాలు, లాలాజల గ్రంథులు, మాల్పీజియన్ నాళికలు, బొమ్మ గీసి భాగాలు గుర్తించడం, మార్కులు. ఆ జీవి మీద జరిగిన ప్రయోగాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం నేను చెప్పిన సిలబస్‌లో ఎప్పుడూ లేదు. ఆఖరి పీరియడ్‌లో, పిల్లలు నిద్రపోతున్నప్పుడు, దొంగతనంగా చెప్పేవాణ్ణి. నిద్ర లేచేవాళ్లు.

పోలండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వవేత్త (ఆ పేరును సైన్స్‌కి ప్రాస కుదిరేలా పలుకుతారు) 1969లో తన సహచరులతో కలిసి బొద్దింకలకు పరుగు పందెం పెట్టాడు. ఒక కొసన పెద్ద లైటు, మరో కొసన చీకటి పెట్టె, మధ్యలో తిన్నని సందు. బొద్దింకకు వెలుతురు గిట్టదు కదా, లైటు వెయ్యగానే చీకటి పెట్టెలోకి పరుగు. ఎన్ని సెకన్లు పట్టిందో కొలిచారు. తర్వాత అదే సందుకు పక్కన, పారదర్శకమైన గోడల వెనక, ఇంకొన్ని బొద్దింకల్ని కూర్చోబెట్టారు. అంటే గ్యాలరీ! అవి చప్పట్లు కొట్టలేదు, ఈలలు వెయ్యలేదు, ఊరికే ఉన్నాయి. అయినా పరుగెత్తే బొద్దింక వేగం పెరిగింది. ఒక్కదాని బదులు రెండింటిని కలిపి పరుగెత్తించినా అంతే, ఒంటరిగా ఉన్నప్పటికంటే త్వరగా చేరాయి. మీ ఇంటి మారథాన్‌లో ఉన్నవి కూడా ఆ రెండేగా, పక్కన పరుగెత్తేవాళ్లు ఇద్దరు, చూసేవాళ్లు ఒకరు.

అసలు మజా ఇప్పుడుంది. తిన్నని సందు తీసేసి, మలుపు తిరిగితే గాని చీకటి పెట్టె దొరకని దారి పెట్టారు. ఈసారి గ్యాలరీ ఉన్నప్పుడు బొద్దింక నెమ్మదించింది. జోడీగా వదిలినా అంతే. తోడు, ప్రేక్షకులు తిన్నని దారిలో మేలు చేశారు, మలుపుల దారిలో కీడు చేశారు.

దీనికి జాయన్స్ 1965లోనే ఒక సూత్రం చెప్పి ఉన్నాడు. పక్కన మరో ప్రాణి ఉంటే ఒంట్లో ఉత్తేజం పెరుగుతుంది. ఆ ఉత్తేజం తెలివిని పెంచదు, నేర్పును పెంచదు. ఆ క్షణంలో ఏ స్పందన అందరికంటే ముందుకు తోసుకొస్తుందో దాన్నే ఇంకాస్త తోస్తుంది. ఆ స్పందన సరైనదైతే పని బాగుంటుంది, తప్పుదైతే తప్పు పెద్దదవుతుంది.

చుట్టాలొచ్చినప్పుడు "మావాడు ఎక్కాలు చెప్తాడు, చెప్పరా" అనని ఇల్లు మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఉందా? రెండో ఎక్కమైతే పిల్లాడు రోజూ కంటే గడగడా అప్పజెప్తాడు. సగమే వచ్చిన పదమూడో ఎక్కమైతే, పొద్దున బాగానే చెప్పినవాడు, పదమూడు ఆర్ల దగ్గర తెల్లమొహం వేస్తాడు. వాళ్ల నాన్న పరువు పోయిందని నెత్తిన ఒకటి మొట్టుతాడు. తప్పు పిల్లాడిది కాదు. రెండో ఎక్కం తిన్నని సందు, పదమూడోది మలుపుల దారి. ప్రాక్టికల్ పరీక్షల వైవాలో ఒక్క పిల్లాడి ముందు ముగ్గురు మాస్టార్లం కూర్చుని "చెప్పవయ్యా" అని కళ్లెర్రజేసిన పాపం నేనూ చేశాను.

బయల్దేరే ముందు అత్తగారు ముగ్గురికీ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారని కూడా ఉత్తరంలో ఉంది. గుంటూరులో మిరపకాయలకు కరువేముంది! నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. రాయి పగలదు, చూసేవాళ్ల కళ్లలోంచి ఏ కిరణాలూ రావు. కానీ నలుగురు చూస్తుంటే చెయ్యి తడబడడం నిజమే, బొద్దింకకే కాలు తడబడింది. నిజాన్ని గమనించి కారణాన్ని తప్పు చెప్పుకోవడం అనేది మన పెద్దవాళ్లకు పాత అలవాటు.

ఇప్పుడు మారథాన్‌కి వద్దాం. 42.195 కిలోమీటర్లు. మన బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు కాబట్టి, దాన్ని ముప్ఫై నాలుగున్నర సార్లు దాటినట్టు. ఈ దారి తిన్నని సందా, మలుపుల దారా? కాళ్లకు అంతా తిన్ననిదే, ఒక అడుగు, ఇంకో అడుగు. తలకు మాత్రం మొదటి సగమంతా మలుపులే. ఎంత వేగంతో పోవాలి, పక్కవాడు దాటిపోతుంటే ఊరుకోవాలా, నీళ్లు ఇప్పుడు తాగాలా తర్వాతా, అన్నీ లెక్కలే. మొదట్లో ఒళ్లు తాజాగా ఉంటుంది గనక ముందుకు తోసుకొచ్చే స్పందన ఒక్కటే, గట్టిగా పరుగెత్తడం. అదే తప్పు స్పందన. పరుగు మొదలయ్యే స్టేడియం గేటు దగ్గర చుట్టాలంతా చేరి డప్పులు కొట్టి ఈలలు వేస్తే దాన్నే పెంచినవాళ్లవుతారు.

నష్టం ఎక్కడ జరుగుతుందో చూడండి. ఉత్తేజంలో విడుదలైన అడ్రినలిన్ అనే హార్మోన్ కండర కణం మీద సంకేతాల్ని అందుకునే బీటా గ్రాహకాన్ని పట్టుకుంటుంది. లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది. అది ప్రొటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైమ్‌ను, అది ఫాస్ఫోరిలేజ్ కైనేజ్‌ను, అది గ్లైకోజన్ ఫాస్ఫోరిలేజ్‌ను వరసగా తట్టి లేపుతాయి. ఒక చాడీ వీధి చివరికి చేరేసరికి ఊరంతా పాకినట్టు, ప్రతి మెట్టులోనూ సంకేతం పెద్దదవుతుంది. చివరి ఎంజైమ్ గ్లైకోజన్ (ఒంట్లో దాచుకున్న చక్కెర నిల్వ) గొలుసుల కొసల నుంచి గ్లూకోజ్ 1 ఫాస్ఫేట్ ముక్కల్ని తెంపి పోస్తుంది. వేగం పెరిగిన కొద్దీ కొవ్వు వాటా తగ్గి ఈ గ్లైకోజన్ వాటా పెరుగుతుంది కూడా. మన దగ్గరున్నదెంత? కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో సుమారు 100, గ్రాముకు 4 కిలోకేలరీల చొప్పున 2,000. పరుగుకు ఖర్చు కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు 1 కిలోకేలరీ, అంటే 60 కిలోల మనిషికి మొత్తం 2,500 పైచిలుకు. తేడాను కొవ్వు పూడ్చాలి. మొదటి గంటలో చుట్టాల ఈలలకు గ్లైకోజన్ దుబారా చేస్తే 30 దాటాక, పరుగెత్తేవాళ్లు 'వాల్' అని పిలిచే గోడ ఎదురవుతుంది. ఆ గోడకు మొదటి ఇటుక పేర్చింది స్టేడియం గేటు దగ్గరి బాబాయిలే.

గ్యాలరీ వల్ల నష్టపోయినవాళ్లలో నాకు గుర్తొచ్చేది ఇటలీ మిఠాయి దుకాణం కుర్రాడు డొరాండో పియెత్రి. 1908 లండన్ ఒలింపిక్స్. అసలు ఆ 42.195 అనే వింత అంకె పుట్టింది అక్కడే. విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న బాక్సు ముందు ముగించారు. ఆ దూరమే 1921లో శాశ్వతమైంది. అంటే మారథాన్ పొడవును తేల్చింది కూడా చూసేవాళ్ల కుర్చీలే! పియెత్రి అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చాడు. వేలాది జనం హోరు. అక్కడొక మలుపు. తప్పువైపు తిరిగాడు. మళ్లించారు, పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చివరి 350 మీటర్లకు సుమారు పది నిమిషాలు పట్టింది. అధికారులు పట్టుకుని గీత దాటించారు, అందుకే పతకం పోయింది. ఒంట్లో నీరు, ఇంధనం అయిపోయిన మనిషికి ఎంత హోరైనా ఇంధనం కాదు. పైగా మలుపు దగ్గర వినిపించిన హోరు.

మరి మన పాఠకురాలికి 33వ కిలోమీటరు దగ్గర ఏం జరిగింది? ఆ సమయానికి తలకు లెక్కలు లేవు, మలుపులు లేవు, ముందున్నది ఒట్టి సందు. ఇక్కడ చురుకైన పాఠకులు అడ్డు తగులుతారు: అలిసిపోయిన మనిషిలో ముందుకు తోసుకొచ్చే స్పందన కూర్చోవడమే కదా, కేక వేస్తే అదే పెరగాలిగా? మంచి ప్రశ్న. సాధన లేనివాళ్ల విషయంలో అది నిజమయ్యే ప్రమాదముంది. ఈ ముగ్గురూ ఆరు నెలల పాటు ప్రతి ఆదివారం చీకటితోనే లేచి పరుగెత్తారట. ఆ ఆదివారాలు చేసింది గుండెను బలపరచడమొక్కటే కాదు, కాళ్లకు పరుగునే అలవాటు స్పందనగా మార్చడం. పదమూడో ఎక్కాన్ని రెండో ఎక్కం చెయ్యడం.

బలం కొత్తగా రాలేదు. ఉన్నదాన్ని వాడుకోవడానికి మెదడు ఒప్పుకుంది. మనం ఆగేది కండరం పూర్తిగా ఖాళీ అయినప్పుడు కాదు, పడుతున్న కష్టం ఇక భరించలేనిదిగా అనిపించినప్పుడు. అలా అనిపించడాన్ని బయటినుంచి కదపవచ్చు. 2014లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో సైకిల్ తొక్కేవాళ్లకు, వాళ్లకు తెలియనంత వేగంగా, తెర మీద మొహాలు మెరిపించారు. నవ్వు మొహాలు మెరిసినప్పుడు ఏడుపు మొహాలు మెరిసినప్పటికంటే ఎక్కువ సేపు తొక్కారు, కష్టం తక్కువగా ఉందన్నారు. చూశామని కూడా తెలియని నవ్వుకే అంత పని ఉంటే, ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన నవ్వు సంగతి చెప్పాలా?

అతిశయోక్తి వద్దు. 1983లో ఇద్దరు పరిశోధకులు 241 అధ్యయనాల్ని, దాదాపు 24,000 మందిని కలిపి లెక్క కట్టారు. పక్కన మనుషులుండడం వివరించగలిగింది ఫలితాల్లోని వైవిధ్యంలో 0.3 నుంచి 3 శాతమే. ఇది టైములో 3 శాతం కాదు, గణాంకశాస్త్రంలో చెప్పే వైవిధ్యంలో, అంటే ఫలితాలు ఒకదానికొకటి తేడాగా ఉండడంలో. ప్రభావం ఉంది, చిన్నది.

వాళ్లాయన ఫిర్యాదు కూడా ఉత్తరం అడుగున ఉంది: "మీ కోసం నెమ్మదిగా పరుగెత్తి నేనే ఎక్కువ అలిసిపోయా." పరుగులో ఒక విచిత్రముంది. నడకకు ఒక వేగం దగ్గర ఖర్చు కనిష్ఠం, అటూ ఇటూ పెరుగుతుంది. పరుగుకు అలా కాదు, కిలోమీటరుకు అయ్యే ఖర్చు వేగంతో పెద్దగా మారదు. కాబట్టి ఇంధనం విషయంలో ఆయనకు లాభమూ లేదు, నష్టమూ లేదు. కాకపోతే ఎక్కువ సేపు ఎండలో ఉన్నారు, అది నిజమే. జమలో వెయ్యాల్సింది ఇంకొకటుంది. 2010లో ఆక్స్‌ఫర్డ్ పడవ జట్టు మీద చేసిన చిన్న ప్రయోగంలో, ఒంటరిగా తెడ్డు యంత్రం లాగినప్పటికంటే అంతే శ్రమ జట్టుగా, ఒకే లయలో చేసినప్పుడు నొప్పిని ఓర్చుకునే శక్తి ఎక్కువగా పెరిగింది. నొప్పిని తగ్గించడానికి ఒళ్లే తయారుచేసుకునే ఎండార్ఫిన్లు కారణమై ఉండాలని పరిశోధకుల ఊహ.

ఇక కేక వేసిన మనిషి సంగతి ఎవరూ అడగరు. స్పెయిన్‌లో సాన్ పెద్రో మాన్రికే అనే పల్లెలో ఏటా జూన్ 23 రాత్రి నిప్పుల మీద నడుస్తారు. మన వీరభద్రుడి సంబరాల్లో, పీర్ల పండక్కి గుండం తొక్కడం లాంటిదే. (పాదం కాలకపోవడం మహిమ కాదు. బొగ్గు, బూడిద వేడిని చాలా నెమ్మదిగా అందిస్తాయి, పాదం ఆనేది క్షణమే. అంతే వేడిలో ఉన్న ఇనప రేకు మీద నడవమంటే ఎవరూ ముందుకు రారు.) అక్కడ నడిచేవాళ్లకూ చూసేవాళ్లకూ గుండె వేగం కొలిచే పట్టీలు కట్టి, 2011లో ఫలితాలు ప్రచురించారు. నడిచేవాళ్ల గుండె వేగం ఎగిసి పడే తీరు, కదలకుండా చూస్తున్న వాళ్ల చుట్టాల, స్నేహితుల గుండెల్లోనూ కనిపించింది. సంబంధం లేని యాత్రికుల గుండెల్లో కనిపించలేదు. దీన్ని పట్టుకుని పేగుబంధపు తరంగాలంటూ వాట్సాప్‌లో పంపకండి. తరంగాలేం లేవు. ఎవరి అడుగు దగ్గర ఊపిరి బిగపట్టాలో మనవాళ్లకు తెలుసు, అంతే.

ఆ తెలియడమే బెజవాడ ఉక్కలో అక్కరకొస్తుంది. పరుగులో పుట్టే శక్తిలో మూడు వంతులకు పైగా వేడే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, కారుతుంది. కారిన చెమట చల్లబరచదు. కష్టం తెలియనివ్వని ఉత్సాహం అప్పుడు ప్రమాదం, మోగుతున్న గంటకు గుడ్డ చుట్టినట్టు. వడదెబ్బ మొదట మాటలో కనిపించవచ్చు. అడిగిందొకటి, చెప్పేదొకటి. ఆ తేడా వాలంటీరుకు తెలియకపోవచ్చు, భార్యకు తెలుస్తుంది. అప్పుడు "ఆగమాకు" కాదు, పట్టుకుని ఆపి నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ డాక్టరు కోసం కబురు పెట్టాలి.

ఇక రెండో ప్రశ్నకు జవాబు. అత్తగారిని స్టేడియం గేటు దగ్గరికి తీసుకురావద్దు. బ్యారేజీకి అవతల, మొన్న కూర్చున్న చోటే, 33వ కిలోమీటరు దగ్గరే ఉంచండి. నీళ్లు తాగు, ఎడమకు జరుగు, చెప్పు లేసు కట్టుకో లాంటి సలహాలేమీ వద్దని చెప్పండి, అవన్నీ మలుపులు. రెండు మాటలు చాలు, మొన్నటివే. కుర్చీతో పాటు గొడుగొకటి పంపండి. ముగ్గురు కనిపించగానే ఆవిడ గుండె కూడా పరుగందుకుంటుంది కాబట్టి, పొద్దున్నే బీపీ మాత్ర మాత్రం మరిచిపోకుండా వేసుకోమనండి.