ఒక టిక్కీకి ఒకటే తూకం

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో చిన్ని అడిగింది: "రెండు ఎక్స్‌లకి ఒకే వై రావచ్చట, ఒక ఎక్స్‌కి మాత్రం రెండు వైలు రాకూడదట. ప్రమేయాల (ఫంక్షన్ల) పాఠంలో ఈ పక్షపాతమేంటి తాతయ్యా?" వెంటనే చెప్పలేకపోయాను. నిన్న మిర్చి యార్డుకి వెళితే జవాబు అక్కడ దొరికింది.

గుంటూరులో ఇప్పుడు సీజను. యార్డు ఇంకా కనపడకముందే ఆటోలో అందరికీ తుమ్ములు. లోపల ఎటు చూసినా టిక్కీలే. మిర్చి బస్తాని ఇక్కడ టిక్కీ అంటాం. హమాలీ ఒకటి మోసుకొచ్చి కాటా మీద వేశాడు. 42 కిలోలు. తర్వాతది 41. దాని తర్వాతది మళ్ళీ 42.

రెండు టిక్కీలు ఒకే తూకం తూగితే ఎవరికీ అభ్యంతరం లేదు. అదే టిక్కీని దింపి మళ్ళీ పెడితే 39 చూపించిందనుకోండి, కాటా చెడిందంటాం. ప్రమేయమంటే చెడని కాటా. టిక్కీ ఎక్స్, తూకం వై. ఆ కాటా తూచాల్సిన టిక్కీలన్నీ కలిపి ప్రదేశం (డొమైన్). వాటిలో ఒక్కటి కూడా తూకం లేకుండా మిగిలిపోకూడదు. ఎఫ్ ఆఫ్ ఎక్స్ అని రాసే పద్ధతి 1734లో ఆయిలర్ అనే గణితవేత్త మొదలుపెట్టాడు. నాకైతే ఆ ఎఫ్ కాటాలా, బ్రాకెట్లో ఎక్స్ దానిమీద కూర్చున్న టిక్కీలా కనిపిస్తాయి.

నాకు పదేళ్ళప్పుడు నాన్నతో ఎడ్లబండి మీద మిర్చి అమ్మడానికి వచ్చాను. ఇంటి దగ్గరే తూచి, ప్రతి బస్తా మీదా బొగ్గుతో అంకె వేశాడు నాన్న. ఒక కొట్లో తూస్తే రెండు కిలోలు తక్కువొచ్చింది. అదే బస్తాని మళ్ళీ తూయమంటే ఇంకో అంకె. నాన్న గొడవపడలేదు. బస్తాలన్నీ తిరిగి బండికెత్తించాడు. చీకటి పడుతోంది, నాకు ఆకలి, ఏడుపు. "ఒక బస్తాకి రెండు మాటలు చెప్పే కాటా దగ్గర బేరమెట్లా చేస్తాంరా?" అన్నాడు.

చిన్నీ, నీ ప్రశ్నకి జవాబు ఆ మాటే. టిక్కీ నుంచి కిలోలు, కిలోల నుంచి రూపాయలు. ఇలా ఒకదాని వెనక ఒకటి కడితే సంయుక్త ప్రమేయం. మొదటి మెట్టులోనే రెండు జవాబులుంటే డబ్బులు ఏ అంకెకి కట్టాలి?

వెనక్కి వెళ్ళడం మాత్రం వేరే సంగతి. చీటీ మీద 42 చూసి అది ఏ టిక్కీయో చెప్పలేం. 3 వర్గం 9, మైనస్ 3 వర్గమూ 9. మరి 9 ఎక్కడినుంచి వచ్చింది? అందుకే వర్గమూలం గుర్తు వేస్తే 3 మాత్రమే తీసుకోవాలని కట్టుబాటు పెట్టుకున్నారు. ఏ రెండు టిక్కీలూ ఒకే తూకం తూగకపోతే దాన్ని అన్వేక ప్రమేయం అంటారు. అప్పుడు చీటీ చూసి టిక్కీని పట్టుకోవచ్చు.

బుజ్జీ, నీకో పని. అమ్మనడిగి పళ్ళెం తీసుకో, కాగితం మీద బోర్లించి చుట్టూ గీయి. స్కేలుని నిలువుగా పట్టుకుని ఎడమనుంచి కుడికి మెల్లగా జరుపు. స్కేలున్న చోటు ఎక్స్, అది గీతని తాకే చోట్లు వైలు అనుకో. గీతని ఎన్నిచోట్ల తాకుతోందో లెక్కపెట్టు. రెండు చివర్ల దగ్గర కాస్త ఆగి చూడు. అక్కడ ఏం కనపడిందో ఆదివారం ఫోన్లో చెప్పాలి.

మీ తాతయ్య,
గుంటూరు