వేడెక్కినా ఐడిలింగ్ దిగకపోతే

పొద్దున కారు స్టార్ట్ చేయగానే ఆర్‌పీఎం ముల్లు 1500 దగ్గర నిలుస్తోందనీ, ఇది లోపమేనా అనీ ఒక పాఠకుడు అడిగారు. అంతమాత్రమే అయితే లోపం కాదు. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఆయిలు చిక్కగా ఉంటుంది, కెటలిటిక్ కన్వర్టరు సుమారు 250–300 డిగ్రీలకు చేరితే గాని పొగను శుద్ధి చేయలేదు. అందుకే ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) కావాలనే వేగాన్ని పెంచి, ఇంజను వేడెక్కేకొద్దీ 700–800కు దింపుతుంది. అలా దిగనప్పుడే అనుమానించాలి.

ఇంజను వేడెక్కిందో లేదో ఈసీయూకు చెప్పేది కూలెంట్ సెన్సరు, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం వేడిని కొలిచేది. వేడి పెరిగేకొద్దీ దీని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. తరచుగా వాడే ఒక రకంలో 20 డిగ్రీల వద్ద అది సుమారు 2500 ఓములు, 80 డిగ్రీల వద్ద 320 ఓములే. తీగ పూర్తిగా తెగితే నిరోధం అనంతమవుతుంది. అది అసంభవమని ఈసీయూ గుర్తించి చెక్ ఇంజన్ దీపం వెలిగిస్తుంది. కనెక్టరులో పచ్చగా చిలుము పట్టి 2000 ఓముల అదనపు నిరోధం చేరినప్పుడే అసలు చిక్కు. శ్రేణి సంధానంలో నిరోధాలను కూడమని పదో తరగతిలో లెక్కలు చేయిస్తారు కానీ, ఆ కూడిక ఎక్కడ కొంప ముంచుతుందో చెప్పరు. ఇక్కడ 80 డిగ్రీల ఇంజనుకు 320, 2000 కలిసి 2320 ఓములవుతాయి, అంటే ఈసీయూ దృష్టిలో 22 డిగ్రీలు. రెంటచింతల ఎండలో అరగంట నడిచిన కారుకు కూడా అది వేగం దింపకుండా, చలికాలపు ఉదయానికి తగినంత ఇంధనం పోస్తూనే ఉంటుంది. ఆ అంకె నమ్మదగినదే కాబట్టి దీపం కూడా వెలగకపోవచ్చు.

దీన్ని పట్టుకోవడానికి రాత్రంతా నిలిపి ఉంచిన కారుకు ఈసీయూ అంకెలను చదివే స్కానరు తగిలించి, ఇంజను తిప్పకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కూలెంట్ ఉష్ణోగ్రతను లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రతతో పోల్చాలి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. గాలి 20 డిగ్రీలు, కూలెంట్ 6 లేదా 7 డిగ్రీలు చూపితే తప్పు సెన్సరుదో దాని తీగలదో అయి ఉంటుంది. తెరుచుకొని ఉండిపోయిన థర్మోస్టాట్ (కూలెంట్‌ను రేడియేటరుకు వదిలే కవాటం) కూడా కూలెంట్‌ను చల్లగానే ఉంచుతుంది, కానీ అప్పుడు ఉదయపు అంకెలు కలుస్తాయి. ఇంజను నిజంగానే వేడెక్కదు.

ఈ పరీక్షేదీ చేయకుండా ఇంజనుకు గాలి వదిలే థ్రాటిల్ స్క్రూ తిప్పే అలవాటు కార్బురేటరు కాలపు మూఢాచారం. వేగం దిగినట్టే ఉంటుంది, లోపం అలాగే ఉంటుంది, స్క్రూ అసలు స్థానం మాత్రం పోతుంది.

అంకెలన్నీ సరిపోతే, పగిలిన వాక్యూమ్ గొట్టం వైపు చూడాలి. లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో మీటరున్న కారులో లెక్కలోకి రాని గాలి దూరితే ఈసీయూ ఇంధనం కలుపుతుంది, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనంలో చేసే సవరణ శాతం) పెరుగుతుంది. వేగాన్ని 2500కు పెంచినప్పుడు ట్రిమ్ తగ్గితే లీకును అనుమానించవచ్చు. దూరే గాలి కొంచెమే కనుక, మొత్తం గాలి పెరిగేసరికి దాని వాటా చిన్నదైపోతుంది.