బీపీ చివర సున్నా

ఏదైనా మెడికల్ వార్డులో ఒక కేస్ షీట్ తీసి బీపీ రాసిన వరుస చూడండి. 130/80, 140/90, 120/80, 150/90... చాలాచోట్ల చివర సున్నాలే కనిపిస్తాయి. పాదరసం బీపీ మిషన్ మీద రెండేసి మిల్లీమీటర్లకు ఒక గీత ఉంటుంది. జాగ్రత్తగా చదివితే చివరి అంకె 0, 2, 4, 6, 8లలో ఏదైనా రావచ్చు. అంటే వంద కొలతల్లో దాదాపు 20 మాత్రమే సున్నాతో ముగియాలి. 70 సున్నాలు వచ్చాయంటే అందులో కనిపిస్తున్నది రాసినవాళ్ల అలవాటే.

ఎంబీబీఎస్ విద్యార్థికి పరిశోధన నేర్పాలంటే నేనైతే ఇక్కడే మొదలుపెడతాను. ల్యాబు అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగుల పేర్లు రాసుకోకూడదన్న నియమం, వంద కేస్ షీట్లు, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. లెక్కపెట్టడం మొదలవగానే ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. డిజిటల్ మిషన్‌తో తీసినవి వేరు చేయాలా? వాటిలో చివర ఏ అంకైనా రావచ్చు కాబట్టి సున్నా వాటా పదో వంతే. పగటి డ్యూటీకీ రాత్రి డ్యూటీకీ తేడా ఉందా? పాతిక షీట్లు చూసి ఒక మాట అనేయొచ్చా? వైవా కోసం బట్టీపట్టిన శాంపిల్ సైజు (ఎన్ని కొలతలు చూడాలి), బయాస్ (ఫలితాన్ని ఒకవైపుకి లాగే పొరపాటు) లాంటి మాటలు అప్పుడు నిజంగా అర్థమవుతాయి.

మన పిల్లలు నీట్ కోసం ఏళ్ల తరబడి నాలుగు ఆప్షన్లలో ఒక సరైన జవాబును వెతికి వెతికి కాలేజీకి వస్తారు. సైన్స్ అంటే ఎవరో ఎప్పుడో తేల్చేసింది, మనం గుర్తుపెట్టుకుంటే చాలు అన్న భావన అక్కడే పాతుకుపోతుంది. అందులో వాళ్ల తప్పేం లేదు. కానీ ‘రీసెర్చ్ సంగతి పీజీలో చూసుకుందాంలే’ అనుకున్నవాళ్లకు పీజీలో థీసిస్ ఒక పెద్ద టెన్షన్‌గా మారుతుంది.

1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి క్లోమాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, చిన్న చిన్న గుంపులుగా ఉన్న కణాలను చూశాడు. వాటిని వర్ణించాడు, అవి ఏం చేస్తాయో తనకు తెలియదని థీసిస్‌లోనే ఒప్పుకున్నాడు. ఇన్సులిన్ తయారయ్యేది ఆ గుంపుల్లోనే అని తర్వాతి తరాలు కనిపెట్టాయి. చూసింది చూసినట్టు రాసి, తెలియనిది తెలియదని చెప్పే ఆ ధైర్యం మన విద్యార్థులకూ రావాలి.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులకు స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. ప్రపోజల్ రాసి, గైడు దగ్గర రెండు నెలలు పనిచేసి, రిపోర్టు ఇవ్వాలి. చాలా మంచి అవకాశం. అయితే ప్రశ్న విద్యార్థిదే కావాలి. గైడు ఇచ్చిన టాపిక్ మీద ఒక గూగుల్ ఫామ్ తయారుచేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేస్తే రిపోర్టు వస్తుందేమో గానీ, పని రాదు.

సున్నాలు లెక్కపెట్టిన విద్యార్థి మరుసటి రోజు తనే కఫ్ కడతాడు. గాలిని సెకనుకు రెండు మిల్లీమీటర్ల చొప్పున నెమ్మదిగా వదిలి, 136 దగ్గర మొదటి శబ్దం వింటాడు. దాన్ని 140 అని రాసేస్తే రోగి బీపీ జబ్బు గీత మీదకి చేరిపోతాడని ఇప్పుడతనికి తెలుసు. తన లెక్కను నర్సులకూ హౌస్ సర్జన్లకూ చూపించి, నెల తర్వాత మళ్లీ వంద షీట్లు తిరగేస్తే, అది అతని రెండో పరిశోధన.