కాంపోజిట్ సిలిండర్లలో థర్మల్ స్ట్రెస్: అపోహలు - వాస్తవాలు

మే నెల మధ్యాహ్నం తిరుపతిలో మేడ మీది ఇనుప పైపు ముట్టుకుని చూడండి, ఎండ తగిలే వైపు చెయ్యి పెట్టలేం, కింది వైపు కాసేపు పెట్టొచ్చు. ఇలాంటి వేడికి వస్తువు లోపల పుట్టే లాగుడు, నొక్కుడు, అంటే థర్మల్ స్ట్రెస్, ఎంతో కంప్యూటర్‌లో లెక్కకట్టడం నా పని. ప్రాజెక్టు చేసే పిల్లలు తెచ్చే మోడళ్లలో అవే పొరపాట్లు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: వేడెక్కితే చాలు, స్ట్రెస్ వచ్చేస్తుంది.

రాదు. ఒకే లోహపు గొట్టాన్ని ఎక్కడా బిగించకుండా అంతటా సమానంగా వేడిచేస్తే అది పెరుగుతుంది, అంతే. ఆ పెరుగుదలకు ఏదైనా అడ్డుపడితేనే స్ట్రెస్. కాంపోజిట్‌లో, అంటే వేర్వేరు పదార్థాల పొరలు అతికించిన గొట్టంలో, ఆ అడ్డు లోపలే ఉంది: 100 డిగ్రీలు పెరిగితే మీటరు పొడవు స్టీలు సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది, అల్యూమినియం 2.3. రెండూ అతుక్కుని ఉన్నాయంటే ఒకదాన్నొకటి లాగక తప్పదు, వేడి సమానంగా ఉన్నా సరే. మన పల్లెల్లో ఎద్దుల బండి చక్రానికి ఇనుప పట్టాను కాల్చి ఎక్కించేవాళ్లు కదా, చల్లారాక అది చెక్కను బిగించి పట్టే పట్టు కూడా థర్మల్ స్ట్రెస్సే.

అపోహ: గోడ మందం పెంచితే భద్రం.

లోపలి ప్రెషర్‌కి నిజమే. వేడి విషయంలో మందం పెరిగేకొద్దీ లోపలికీ బయటికీ తేడా పెరుగుతుంది. లోపల వేడిగా ఉంటే లోపలి పొర నొక్కుకుపోతుంది, బయటి పొర మీద లాగుడు పడుతుంది. మందపాటి గాజు గ్లాసులో మరిగే టీ పోస్తే పగిలేది ఇందుకే.

అపోహ: సాఫ్ట్‌వేర్ రంగుల బొమ్మ ఇచ్చింది కాబట్టి లెక్క సరే.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. అడ్డకోత ఒక్కటే తీసుకుని ప్లేన్ స్ట్రెయిన్ పెట్టేస్తారు, అంటే సిలిండర్ రెండు చివరలనూ కదలని గోడల మధ్య ఇరికించినట్టు. 100 డిగ్రీలు పెరిగితే స్టీలులో పొడవు దిశలో 240 మెగాపాస్కల్ స్ట్రెస్ చూపిస్తుంది, చివరలు వదిలేసి ఉన్న అసలు గొట్టంలో అది లేనే లేదు! అక్కడ జనరలైజ్డ్ ప్లేన్ స్ట్రెయిన్ వాడాలి, అంటే గొట్టం పొడవునా సమానంగా సాగే వీలు ఇవ్వాలి. ఒక వైపే ఎండ పడే పైపుకు యాక్సిసిమెట్రిక్ మోడల్ కూడా పనికిరాదు, ఎందుకంటే అది చుట్టూ ఒకే వేడి అనుకుంటుంది. పొరల గుణాలన్నీ కలిపి సగటు తీసేస్తే, పొరలు ఊడిపోయే అతుకు దగ్గరి స్ట్రెస్ అసలు కనిపించదు. రెజిన్ (కాంపోజిట్‌ను పట్టి ఉంచే జిగురు పదార్థం) 120 డిగ్రీల దగ్గర గట్టిపడి ఉంటే గది వేడిలోనే లోపల స్ట్రెస్ ఉంటుంది, కాబట్టి రిఫరెన్స్ టెంపరేచర్ (స్ట్రెస్ లేదని మోడల్ అనుకునే వేడి) 25 అని గుడ్డిగా పెట్టకండి.

మొదట పొరలన్నిటికీ ఒకే లోహం ఇచ్చి, చివరలు వదిలేసి, అంతటా సమానంగా 100 డిగ్రీలు పెంచి నడపండి. స్ట్రెస్ సున్నా రాకపోతే తప్పు చాలావరకు మీ బౌండరీ కండిషన్లలోనే (ఎక్కడ బిగించారు, ఎక్కడ వదిలారు అన్న షరతుల్లో) ఉంటుంది, ముందు అది సరిచేయండి.